ఏడో పిల్ల

ఉదయగిరి,
24 జూన్ 1979.

ప్రియమైన నాయనకు,

కెజియా వందనాలు. నేనిక్కడ చేరి పదిహేను రోజులు దాటినా ఒక్క ముక్క రాయలేదని అమ్మ ఈపాటికి వీధి వీధంతా చెప్పి ఉంటుంది. రాయడానికి ఏమీ లేక కాదు నాయనా, మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియక.

రసూల్‌బీ అనే పెద్దామె ఇంట్లో ముందు గదిలో ఉంటున్నాను. ఆమె కొడుకులు కొండమీద దొరికే కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కుతారు. పొద్దున లేచేసరికి వాకిలంతా చెక్కపొట్టే. వచ్చిన మొదటి రోజు ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, "పెళ్ళి కాలా? వంట వచ్చునా? దయ్యాలంటే భయమా?" అని మూడు ప్రశ్నలడిగింది. కాలేదు, కొంచెం వచ్చు, లేదు అన్నాను. "సరే ఉండు బేటీ, ఆ కొంచెం వంట నేను నేర్పిస్తా" అంది. ఇంటి గురించి అమ్మను దిగులు పడవద్దని చెప్పు.

మన మిషన్ బడి ఊళ్ళో లేదు. దుర్గం కొండ కింద యానాదుల గుడిసెలు ముప్పై దాకా ఉన్నాయి. వాటి పక్కన తాటాకు పాక ఒకటి వేశారు. అదే బడి, అదే గుడి, వాన వస్తే అదే మేకల కొట్టం. పొద్దున పాటలు, తర్వాత బైబిలు కథ, తర్వాత అక్షరాలు, మధ్యాహ్నం మిషన్ పంపే గోధుమ నూకలతో ఉప్మా. పట్టీలో నలభై ఒక్క మంది పిల్లలున్నారు. మొదటి రోజు వాళ్ళు నన్ను చూసి కొండెక్కి దాక్కున్నారు. ఏం చేయాలో తోచక పాకలో ఒంటరిగా కూర్చుని పాట ఎత్తుకున్నాను. నా గొంతు ఎలా ఉంటుందో నీకు తెలుసుగా! రెండో చరణానికి ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి బండ వెనక నుంచి వచ్చి నడుం మీద చేయి వేసుకుని, "మేయ్, నువ్వు పాడతుండావా, ఏడస్తుండావా?" అంది. పాడుతున్నానన్నాను. "అట్టయితే ఇంకొంచెం గట్టిగా పాడు, మావోళ్ళకు ఇనపడలా" అంది. ఆ పిల్ల పేరు మాలకొండమ్మ. ఆ రోజు నుంచి బడికి అసలు టీచరు ఆమే అనుకో.

నిన్న దావీదు, గొల్యాతుల కథ చెప్పాను. ఫ్లానెల్ గుడ్డమీద అంటించే కాగితం బొమ్మలు మిషన్ వాళ్ళు పంపించారు. గొల్యాతు బొమ్మ మూరెడు ఉంది. దావీదు ఒడిసెల తిప్పుతున్నాడు, పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఇంతలో వెనక నుంచి మేక ఒకటి వచ్చి గొల్యాతును తల నుంచి మోకాళ్ళ దాకా నమిలేసింది. "టీచరమ్మా, దావీదు చంపలా, మేకే తినేసినాది!" అని మాలకొండమ్మ అరిచింది. నవ్వి నవ్వి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇప్పుడు ఆ మేకకు దావీదు అని పేరు పెట్టారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను ఏం నేర్పుతున్నానో చూద్దామని రసూల్‌బీ ఒకరోజు బడికి వచ్చింది. యోనా చేప కడుపులో పడ్డ కథ చెబుతున్నాను. "ఆగు బేటీ! ఆయన మా యూనుస్ నబీ గదా! చేప కడుపులో ఆయన ఏం దువా చదివినాడో చెప్పకుండా పోతుండావేంది?" అని నన్ను పక్కకు జరిపి తనే కూర్చుని మిగతా కథ చెప్పేసింది. నాకంటే బాగా చెప్పింది. వారం నుంచి పిల్లలు "చేపల అవ్వ ఎప్పుడొస్తాది?" అని అడుగుతున్నారు.

నువ్వు కూడా ఒకప్పుడు ఉపదేశిగా ఊరూరా తిరిగి పిల్లలకు కథలు చెప్పినవాడివేగా. ఎందుకు మానేశావని చిన్నప్పుడు అడిగితే మంచానికి నవారు బిగిస్తూ మాట మార్చేవాడివి. ఇప్పుడు నేను అడగను. ఈ పనిలో ఇంత సంతోషం ఉందని మాత్రం నాకు ఇంతకాలం తెలియదు.

నీ కూతురు,
కెజియా


ఉదయగిరి,
9 సెప్టెంబరు 1979.

నాయనకు, అమ్మకు ప్రేమతో,

అమ్మ పంపిన చింతకాయ పచ్చడి జాడీ క్షేమంగా చేరింది. రసూల్‌బీ రుచి చూసి, "మీ అమ్మను నేను చూడాల" అంది. ఆమె నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు రాదు.

ఈ రెండు నెలల్లో బడి ఒక పెద్ద గండం దాటింది. వానలు పడి గడ్డి మొలవగానే పిల్లల్లో సగం మంది మాయమయ్యారు. వాకబు చేస్తే ప్రమీలమ్మ గారి గొడ్ల వెంట పోతున్నారని తెలిసింది. ఈ చుట్టుపక్కల పొలాలన్నీ వాళ్ళవే. భర్త పోయినప్పటి నుంచి వ్యవసాయం అంతా ఆమే చూసుకుంటోంది. నేను వెళ్ళేసరికి వాకిట్లో నిలబడి ఆరబోసిన వేరుశెనక్కాయలు కాలితో నెరుపుతోంది. పిల్లల్ని బడికి పంపించమని అడిగాను.

"పంపిస్తా. మరి నా గొడ్లను నువ్వు మేపుతావా?"

"అమ్మా, వాళ్ళు చిన్నపిల్లలు."

"గొడ్లు కూడా చిన్నయే మే. పడ్డలుండాయి, దూడలుండాయి. నీ పాటలతో వాటికి కడుపు నిండుతుందా?"

తిరిగి వస్తూ దారంతా ఏడ్చాను. గుడిసెల దగ్గర మునెయ్య కనిపించాడు. కొండమీద తేనె తీసే పెద్దాయన, గూడెంలో ఆయన మాటే మాట. విషయం విని గడ్డం గోక్కుని, "గొడ్లు బడికి రావు గదా అమ్మా. బడే గొడ్లకాడికి పోతే సరి" అన్నాడు. అంత తేలిక మాట నాకెందుకు తట్టలేదో!

మర్నాటి నుంచి నల్లబల్ల నెత్తిన పెట్టుకుని బీడుకు నడిచాను. బండ మీద బల్ల ఆనించి అక్షరాలు, చెట్టు కింద కథ. ఒకరు పాఠం చదువుతుంటే ఇద్దరు గొడ్లను మళ్ళేస్తారు, తర్వాత వాళ్ళు మారతారు. దారితప్పిన గొర్రెపిల్ల కథను పాకలో చెప్పడం వేరు నాయనా, గొడ్లు కాసే పిల్లలకు బీట్లో చెప్పడం వేరు. "తొంభై తొమ్మిదిని వదిలేసి ఒకదాని కోసం పొయినాడా? నక్కలు తినవా వాటిని? ఎవరికన్నా అప్పజెప్పి పోవాల గదా!" అని నన్ను నిలదీశారు. "వాటిని మీ లాంటి పిల్లలకు అప్పజెప్పి ఉంటాడు" అన్నాను. శాంతించారు.

పది రోజులు పోయాక ప్రమీలమ్మ గారే బీట్లోకి వచ్చింది. తిడుతుందనుకుని పిల్లలు పాట ఆపేశారు. ఆమె గొడ్లన్నిటినీ చుట్టూ తిరిగి చూసింది. అందరు పిల్లలూ ఒక్కచోట ఉండటం వల్ల ఒక్క గొడ్డు కూడా చేలో పడలేదట, ఒక్కటి కూడా తప్పిపోలేదట. "ఆపినారేంది? పాడండి. నా గొడ్లు పాటలు ఇంటా ఇంటా బలిసినాయి" అని, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. మర్నాడు బుట్టెడు ఉడికించిన వేరుశెనక్కాయలు పంపింది.

మొన్న సంతరోజు మాలకొండమ్మ నాతో బస్టాండు దాకా వచ్చింది. అక్కడ నిలబడిన బస్సు నుదుటి మీద అక్షరాలు చూసి పెదవులు కదిపింది. ఆ... త్మ... కూ... రు. ఒక్క క్షణం ఆగి మళ్ళీ చదివింది. తర్వాత బస్టాండు అదిరేలా, "ఆత్మకూరు! టీచరమ్మా, ఈ బస్సు ఆత్మకూరు పోతాది! నేను ఎవుర్నీ అడగబళ్ళా, నాకే తెలిసినాది!" అని గంతులేసింది. డ్రైవరు నవ్వి, ఆ పిల్లకోసం ఒకసారి హారను కొట్టాడు. నేను మన ఊరి పేరు వెయ్యిసార్లు చదివి ఉంటాను నాయనా, అంత అందంగా ఎప్పుడూ వినపడలేదు.

మీ
కెజియా


ఉదయగిరి,
2 డిసెంబరు 1979.

నాయనా,

ఈ ఉత్తరం నీకొక్కడికే రాస్తున్నాను. చదివాక అమ్మకు చూపించాలో వద్దో నువ్వే చూసుకో.

పోయిన సోమవారం మిషన్ ఆర్గనైజరు రాజమోహన్ గారు నెల్లూరు నుంచి వస్తారని, పిల్లల ఫొటోలు తీసి విదేశాల్లో చందాలిచ్చే వాళ్ళకు పంపుతారని ముందే కబురొచ్చింది. ఫొటో అనగానే గూడెం గూడెమే పెళ్ళివారిల్లు అయిపోయింది. పిల్లలు ఆదివారమంతా వాగులో మునిగి కుంకుడుకాయలతో తల రుద్దుకున్నారు. ప్రమీలమ్మ గారు గిన్నెడు నూనె పంపింది. రసూల్‌బీ తన మనవళ్ళ పండగ చొక్కాలు, మనవరాళ్ళ గౌన్లు మూట కట్టుకుని వచ్చి, ఎవరికి ఏది సరిపోతుందో ఒక్కొక్కరికీ వేసి చూసింది. మాలకొండమ్మకు జరీ అంచు పచ్చగౌను దొరికింది. కింద కూర్చుంటే మాసిపోతుందని ఆ పిల్ల ఆ పూటంతా నిలబడే ఉంది.

రాజమోహన్ గారు జీపు దిగి చూశారు. నలభై ఒక్క మంది, నూనె తలలు, పాపిడి తీసిన జడలు, మెరిసే మొహాలు. ఆయన మొహం వాడిపోయింది.

"ఏందమ్మా ఇది? వీళ్ళు పెళ్ళికి పోతుండారా? ఈ ఫొటో పంపిస్తే అక్కడివాళ్ళు ఏమనుకుంటారు? బాగానే ఉండారు గదా, ఇంకెందుకు సాయం అంటారు. పాత గుడ్డలు వేయించండి. ఆ తలలు కొంచెం చెరపండి."

మాలకొండమ్మ ఆయన్ను చూసింది, నన్ను చూసింది. వీపు వెనక గుండీ మీద చేయి పెట్టి, "టీచరమ్మా, ఇప్పమంటుండాడు. ఇప్పేదా?" అని అడిగింది. ఏడవలేదు, అలగలేదు. చెప్పిన మాట వినే పిల్లలా అడిగింది.

"విప్పొద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తీస్తే ఇలాగే తీయండి సార్. లేకపోతే వద్దు."

ఆయన చెడ్డవాడు కాదు నాయనా. చెమట తుడుచుకుని మెల్లగానే చెప్పాడు. "నాకు మాత్రం సరదానా అమ్మా? ఈ ఫొటో పోకపోతే నూకలు ఆగిపోతాయి. మీ జీతం ఆగిపోతుంది. ఒక్క నిమిషం పని." అప్పుడు మునెయ్య ముందుకొచ్చి చేతులు కట్టుకుని, "మా బిడ్డలు పేదోళ్ళని చెప్పేదానికి గుడ్డలు ఇప్పల్నా అయ్యా? చూస్తే తెలీదా?" అన్నాడు. రాజమోహన్ గారు కెమెరా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

నాకంత తెగువ ఎక్కడిదని నువ్వనుకోవచ్చు. అది తెగువ కాదు నాయనా. ఇరవై ఏళ్ళుగా నాలోపల ఉన్నది ఆ రోజు బయటికొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్ళు. అమ్మ క్రిస్మసుకని నీలం గౌను కుట్టింది. నువ్వు నన్ను మిషన్ హాస్టలుకు తీసుకెళ్ళావు. మిషన్ దొరగారు కెమెరా పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆరుగురు పిల్లలు వరసలో ఉన్నారు. నువ్వు నన్ను జీపు వెనక్కు తీసుకెళ్ళి, నీలం గౌను విప్పేసి, ఎవరిదో చిరిగిన గౌను తొడిగావు. "కాసేపు నన్ను నాయనా అని పిలవొద్దు, అయ్యగారూ అని పిలువు" అన్నావు. నన్ను వరస చివర నిలబెట్టావు. వాళ్ళంతా తల్లీ తండ్రీ లేని పిల్లలని నాకు తెలుసు. నువ్వు దొరగారి పక్కనే నిలబడి నన్ను చూస్తూ కూడా, నేనెవరో తెలియనట్టే ఉన్నావు. నేను ఏడిస్తే దొరగారు "గుడ్" అన్నారు.

నేను మరిచిపోయానని నువ్వు అనుకుని ఉంటావు. మరిచిపోలేదు. నిన్ను ప్రేమించడం మానలేదు కూడా. కానీ నువ్వు ఎప్పుడు నా తలమీద చేయి పెట్టినా, ఆ రోజు నన్ను ఎందుకు ఇచ్చేశావని అడగాలనిపించేది. ఇప్పుడు రాసేశాను. బరువు దిగింది.

నేను ఇంటికి రావడం లేదు నాయనా. జీతం ఆగినా ఇక్కడే ఉంటాను. నూకలు మంగళవారం నుంచే లేవు. ఉప్మా లేకపోతే ఒక్కరు కూడా రారని భయపడ్డాను. మొదటి రోజు పన్నెండు మందే వచ్చారు. మర్నాడు ఇరవై. ఇప్పుడు ముప్పై నాలుగు మంది వస్తున్నారు. మధ్యాహ్నం ప్రమీలమ్మ గారింటి నుంచి సంగటి వస్తోంది. "గొడ్లు మేపినోళ్ళకు కూడు పెట్టేది మా ఇంటి వాడుకే, నీ కోసం కాదులే" అని ఆమె కబురు. పాటలు మునుపటికంటే గట్టిగా పాడుతున్నాం. సంతోషంగానే ఉన్నాను, నమ్ము.

కెజియా


ఆత్మకూరు,
12 డిసెంబరు 1979.

నా చిట్టితల్లి కెజియాకు,

మీ నాయన జకరయ్య రాస్తున్నది. నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. మీ అమ్మకు కూడా చదివి వినిపించాను. దాచిపెట్టిన పాపం ఆమెకు కూడా తెలియాలి గదా. లిదియమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెట్టింది గాని, కూర వెయ్యలేదు.

నువ్వు రాసినదంతా నిజం. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. దొరగారు కొత్తగా వచ్చారు, నువ్వెవరో ఆయనకు తెలియదు. ఏడుగురు అనాథ పిల్లల ఫొటో పంపుతానని వాళ్ళ దేశానికి రాసి ఉన్నారు. ఆ రోజు హాస్టల్లో ఒక పాపకు జ్వరం. ఒకరు తక్కువైతే నా మాట పోతుందని నా భయం. ఆయన అడగలేదమ్మా, నేనే నిన్ను తెచ్చి నిలబెట్టాను. ఆ ఫొటోలో అనాథలు ఆరుగురే. ఏడో పిల్లకు నాయన ఉన్నాడు, కెమెరా పక్కనే మొద్దులా నిలబడి ఉన్నాడు.

నీకు తెలియనిది చెబుతాను. మూడు నెలలకు ఆ దేశం నుంచి ఒక అమ్మగారు జాబు రాసింది. చివర నిలబడి ఏడుస్తున్న తల్లిదండ్రులు లేని పాపను తను చదివిస్తానని, ఆ పాపకోసం రోజూ ప్రార్థన చేస్తున్నానని. దొరగారు సంతోషంగా చదివి వినిపించారు. ఎక్కడో ఎవరో ముక్కూ మొహం తెలియని తల్లి, నేను చచ్చిపోయాననుకుని నా బిడ్డకోసం మోకాళ్ళూనుతోంది. "అయ్యా, ఆ పాపకు తల్లి ఉంది. తండ్రిని నేనే" అని చెప్పేశాను. అబద్ధమాడినవాడు పిల్లలకు దేవుడి మాట చెప్పకూడదు అన్నారు ఆయన. ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనను. అలా ఉపదేశి పని పోయింది. మంచాలు అల్లడం నేర్చుకున్నాను. నువ్వు ఎందుకు మానేశావని అడిగిన ప్రతిసారీ, నీ గౌను సంగతి చెప్పాల్సి వస్తుందని మాట మార్చాను. నన్ను క్షమించు తల్లీ.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో రాజమోహన్ అనే పేరు చూసి నాకు నిద్ర పట్టలేదు. అనంతసాగరం వైపు నుంచి వచ్చి మన హాస్టల్లో చేరిన రాజమోహన్ ఒకడుండేవాడు. ఆ ఆరుగురిలో వాడొకడు. వాడేనా, కాదా? నిన్న పొద్దున బస్సెక్కి నెల్లూరు పోయాను. వాడేనమ్మా! నన్ను చూడగానే లేచి నిలబడి, "ఉపదేశయ్యా!" అని కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు.

నేను నీ సంగతి ఎత్తకుండా ముందు ఆ పాత ఫొటో సంగతి ఎత్తాను. వాడు నవ్వాడు. "ఆ ఫొటోతోనే గదా అయ్యా నాకు చదువొచ్చింది. అందుకే ఈ పొద్దుకీ కెమెరా పట్టుకుని తిరుగుతుండా" అన్నాడు. వాడి బాధ వాడిది. మళ్ళీ వాడే అన్నాడు: "ఒక్కటి మాత్రం మరిచిపోలేకుండా ఉండా. చివర్లో ఒక పిల్ల ఏడస్తా నిలబడింది. ఫొటో అయిపోంగానే మీరు ఆ పిల్లను భుజానెత్తుకుని పొయినారు. పోతా పోతా ఆ పిల్లకు ముద్దు పెట్టినారు. మేము ఆరుగురం మీరు మలుపు తిరిగిందాకా చూస్తా నిలబడినాం. నన్ను కూడా ఎవురన్నా అట్ట ఎత్తుకుని పోతే చాలు, చదువెందుకు అనుకున్నా."

నీకు గౌను గుర్తుంది. వాడికి భుజం గుర్తుంది. నాకు రెండూ గుర్తున్నాయి గాని, ఇరవై ఏళ్ళుగా ఒకదాన్నే చూసుకుంటూ ఉన్నాను.

"ఆ పిల్ల ఇప్పుడేడ ఉండాది అయ్యా?" అని అడిగాడు. "నువ్వు గుడ్డలు ఇప్పమంటే ఇప్పనీయలేదే, ఆ టీచరమ్మే రా" అన్నాను. రాజమోహన్ కుర్చీలో కూలబడిపోయాడు. ఒక కంట నవ్వు, ఒక కంట నీళ్ళు. లేచి, గోధుమ నూకలు తను ఆపించలేదని, నీ బడి మూసేయాలని పైవాళ్ళకు రాయలేదని చెప్పాడు. ఆ రోజు నుంచి రిపోర్టు రాయడానికి చేయి రాలేదట. నూకల బండి దారిలో ఎక్కడో ఆగిపోయిందట, శుక్రవారానికి చేరుతుందన్నాడు. పాత గుడ్డల ఫొటో లేకుండా సాయం వస్తుందా రాదా, తనకు తెలియదన్నాడు. "రాకపోతే అప్పుడు చూద్దాం అయ్యా. ఆ పచ్చ గౌను పిల్ల గుండీ మీద చేయి పెట్టింది చూడండి, అది నన్ను నిద్రపోనీయడంలా" అన్నాడు.

శనివారం వాడు, నేను కలిసి వస్తున్నాం. నీ పిల్లలను వాళ్ళకు ఎలా ఇష్టమైతే అలా నిలబెట్టి ఫొటో తీస్తాడు. కింద ప్రతి పిల్ల పేరూ, అమ్మా నాయనల పేర్లూ రాసి పంపుతాడట. నీ బీట్లో నాకు ఒక కథ చెప్పుకునే అవకాశం ఇస్తావా? ఇవ్వకపోయినా వెనక వరసలో కూర్చుంటాను.

ప్రభువు నిన్ను కాపాడుగాక.

నీ నాయన,
జకరయ్య

మేయ్ కెజియా, అమ్మను రాస్తుండా. మీ నాయన నెల్లూరు నుంచి వచ్చినకాడి నుంచి పాటలు పాడతానే ఉండాడు, పక్కింటోళ్ళు ఏమైందని అడగతుండారు. కూర కూడా ఏసినాలే. శనివారం నేను కూడా వస్తుండా. ఆ చేపల అవ్వకు ఇంకో జాడీ పచ్చడి తెస్తుండానని చెప్పు. ఆ పొద్దు నన్ను ఇంటికాడ పెట్టి మీరిద్దరే ఫొటోకి పొయినారు. ఈసారి మధ్యలో నేను నిలబడతా, నువ్వు నా పక్కన నిలబడు.